పుట్టీ ఆరేలోపు

నిన్న సాయంత్రం కెజియా
పక్కింటి మిసెస్ గిల్ కిటికీ పగలగొట్టింది.
బంతితో. ఒక్క దెబ్బకి.
పరిగెత్తుకొచ్చి, బూట్లైనా విప్పకుండా
మెట్ల కింద హూవర్ పక్కన నక్కింది.

ఆ చప్పుడు నాకు తెలుసు.
పోపు చిటపటలాడుతున్నా
ఎంత మందం పలకో చెవితో చెప్పగలను.
నాలుగు మిల్లీమీటర్లు. పాతకాలం చెక్క ఫ్రేము.

పదిహేనేళ్లప్పుడు, ఇదే వూల్వర్‌హాంప్టన్‌లో,
ఒక్క రాత్రిలో
పదకొండు బస్టాపుల అద్దాలు.
ఎందుకని అడిగింది మేజిస్ట్రేటు.
తెలిస్తే చెప్పేవాణ్ణే.
అమ్మకి ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ.
నాన్న అనే మాట మా ఇంట్లో
గడియారం తీసేశాక గోడమీద మిగిలే తెల్లమచ్చ.
గాజు పగిలితే
ఎవరో ఒకరు తలుపు తీసేవాళ్లు.

అమ్మ పెట్టిన పేరు ఆశీర్వాదం.
బడిలో నోరు తిరక్క యాష్ చేశారు.
వాళ్ల భాషలో బూడిద.
చాలా ఏళ్లు ఆ పేరు నిలబెట్టాను.
కార్ల అద్దాలు, కొట్ల అద్దాలు,
చివరికొక మందుల షాపు,
లోపల మనిషున్నాడని తెలీకుండా.

స్టేషన్లో పది వేళ్లూ
ఒక్కొక్కటే దొర్లించి అచ్చు తీసుకున్నారు.
అమ్మ డ్యూటీ బట్టల్లోనే వచ్చింది.
నా వేళ్ల సిరా కోటు అంచుతో తుడిచింది.
తిట్టుంటే బాగుండేది.

పద్నాలుగు నెలలు.

పగిలిన అద్దం అతకదు, అని
ఎవరితోనో ఫోన్లో అంటుంటే విన్నాను.
నిజమే, అతకదు.
ఇప్పుడా సంగతి అమ్మకంటే నాకే బాగా తెలుసు,
నా వ్యాపారమే అది.
మేం అతికించం.
కొలత తీసుకుని కొత్తది కోస్తాం.

కోత నేర్పింది పార్జెటర్ ముసలాయన.
నా కాగితాలు చదవకుండా మడిచి
టీ కప్పు కింద పెట్టుకున్నాడు.
"ఒక్కసారే గీయి," అనేవాడు,
"చక్రం కిర్రుమనాలి, అంతే.
గీత మీద మళ్లీ గీశావా,
పలక నీ మాట వినదు,
దాని ఇష్టమొచ్చినట్టు పగుల్తుంది."
గాజు దగ్గర నేర్చుకున్నాను.
నా దగ్గరికొస్తే, రాత్రిళ్లు ఇంకా
ఆ గీత మీదే చక్రం తిప్పుతుంటాను.

ఆయన పోయాక వాళ్లావిడ
పనిముట్లు వాయిదాల మీద ఇచ్చింది.
ఒక వ్యాను. మూడేళ్లకి ఇంకోటి.
లోపలికెళ్లొచ్చిన కుర్రాళ్లిద్దరు పనికి.
ఏడింటికి రాకపోతే
నేనే వెళ్లి తలుపు బాదుతాను.

వ్యాను మీద పేరుకి పెయింటరు
అక్షరానికింత అన్నాడు.
"యాష్ చాలదా, చవగ్గా పోతుంది?"
పది అక్షరాలూ రాయించాను.
అమ్మ వ్యాను చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి
"వా కి దీర్ఘమేదిరా?" అంది.

మెట్ల కింద చీకట్లో కెజియా.
తొమ్మిదేళ్లు. పొద్దున నేనేసిన జడ,
ఎప్పట్లాగే ఒకపక్కకి వంకర.
స్టవ్ ఆపి, హూవర్ జరిపి, పక్కన చతికిలబడ్డాను.
మోకాళ్లు పట్టలేదు.
"పారిపోయాను, నాన్నా."
పగలగొట్టానని కాదు,
పారిపోయానని.
ఆ ముక్క అనడానికి నాకు సగం జీవితం పట్టింది.
"ఎంత దూరం?"
"ఇక్కడిదాకే."

ఇద్దరం టేపు పట్టుకుని వెళ్లాం.
క్షమించమని తనే అడిగింది,
కొలత తనే చదివింది, రెండుసార్లు.
కోత నాది. పుట్టీ పిసకడం తనది.
"నువ్వెప్పుడైనా పగలగొట్టావా?"
నా చేతిలో కత్తి ఆగింది.
"ఊఁ."
"ఎన్ని?"
"అది కూర్చుని చెప్పాల్సిన లెక్క."

కింది మూలన, మెత్తటి పుట్టీలో
బొటనవేలు నొక్కి వదిలేసింది.
సాపు చేద్దామని కత్తి ఎత్తి
దించేశాను.

గట్టిపడటానికి రెండు వారాలు.
అప్పటిదాకా రంగు వేయకూడదు.
ఈలోపు చెప్పాలి తనకి.